చేస్తే మంచిదే

ఆమె అడిగింది ఐదు నిమిషాల పని. అది 1999. సికింద్రాబాద్‌లో నా క్లినిక్ అంటే అప్పటికి ఒక గది, దాని ముందు వరండా. ఆమె రాణిగంజ్‌లో పెయింట్లూ హార్డ్‌వేరూ అమ్మే ఒక బోహ్రా కుటుంబపు కోడలు. రెండు కాన్పులూ నా చేతి మీదే అయ్యాయి. లేతాకుపచ్చ రిదా వేసుకుని, ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లని వరండాలో నర్సు దగ్గర కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"దీనికి ఖత్నా చేయించాలి డాక్టర్ గారూ. మాలో ఆడపిల్లలకీ ఉంటుంది. మా అత్తగారు ముంబైలో ఎవరో ముసలావిడ దగ్గరికి తీసుకెళ్తానంటున్నారు. ఆవిడ బ్లేడుతో చేస్తుంది. మీ చేత్తో అయితే శుభ్రంగా ఉంటుంది కదా. కొంచెమే. గోరంత."

చెయ్యనన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "ఇది మీ మతం సంగతమ్మా, మీ పెద్దవాళ్ళనే అడుగు. నేను ఇందులో కలగజేసుకోను" అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాకు నా మీద కాస్త గౌరవం కూడా కలిగింది. బ్రాహ్మల ఇంట్లో పుట్టిన డాక్టరు ఒక ముస్లిం కుటుంబపు ఆచారం మీద తీర్పు చెప్పకపోవడం సంస్కారం అనుకున్నాను. వెళ్ళేటప్పుడు పిల్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాలనిపించి, రబ్బరు గ్లవ్‌లో గాలి ఊది, ముడేసి ఇచ్చాను. ఐదు వేళ్ళ బుడగ. దాన్ని పట్టుకుని మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి నవ్వింది.

చదివేవాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి ఖత్నా అంటే ఏమిటో డాక్టరు భాషలోనే చెప్తాను. ఆడపిల్ల జననాంగం పైభాగంలో క్లిటోరిస్ ఉంటుంది. దాని మీద చిన్న ముసుగులాంటి చర్మం. బోహ్రాల్లో ఆ చర్మాన్ని, కొన్నిసార్లు దాంతోపాటు ఇంకొంచెం కూడా, తీసేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన నాలుగు రకాల వర్గీకరణలో ఇది మొదటిది. సోమాలియా, సూడాన్‌లలో మొత్తం కోసి కుట్టేసే పద్ధతితో పోలిస్తే ఇది చిన్నదే. ఆ "చిన్నదే" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఏడేళ్ళ పిల్ల శరీరంలో, కదులుతుంటే, మత్తు లేకుండా, ఒక ముసలావిడ బ్లేడు పట్టుకుని ఆ చర్మానికీ దాని కింద ఉన్నదానికీ మధ్య గీత ఎక్కడ గీస్తుంది? మత్తిచ్చి, వెలుగు కింద, ముప్పై ఏళ్ళ అనుభవంతో చెయ్యమన్నా నాకు చెయ్యి వణుకుతుంది. ఆ గీత నాకూ పూర్తిగా తెలియదని ఒప్పుకోవాలి. మేం చదువుకున్న అనాటమీలో ఈ అవయవానికి దక్కింది అరపేజీ. లోపల అది ఎంత దూరం విస్తరించి ఉందో ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో వివరంగా రాసేదాకా వైద్యలోకమే సరిగ్గా పట్టించుకోలేదు. అంటే ఆ తల్లి నా దగ్గరికి వచ్చేనాటికి ఏడాది ముందు.

యూనిసెఫ్ 2024 లెక్క ప్రకారం ఏదో ఒక రకం కోతకి గురైన ఆడవాళ్ళు ప్రపంచంలో 23 కోట్ల పైచిలుకు. ఇది ముస్లింల ఆచారం అనుకుని ఇక్కడే పత్రిక మూసేసేవాళ్ళు ఉంటారు. నా ప్రాక్టీసులో నేను చూసిన హైదరాబాదీ సున్నీ ఆడవాళ్ళు వేలల్లో ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది అసలు ఇలాంటిది ఒకటుందని వినైనా ఉండరు. ఈజిప్టులో మసీదుకెళ్ళేవాళ్ళూ చేయించారు, చర్చికెళ్ళేవాళ్ళూ చేయించారు. బ్రిటిష్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 163 నాటి గ్రీకు పాపిరస్ ఒకటుంది. ఈజిప్టులోని మెంఫిస్‌లో ఒక అమ్మాయికి సున్తీ వయసు వచ్చిందనీ, దానికోసం తల్లి డబ్బు అడిగిందనీ అందులో ఉంది. ఇస్లాం దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత వచ్చింది. మతం వచ్చి పాత ఆచారాన్ని ఇంట్లోకి రానిచ్చింది, తర్వాత దానికో పేరు పెట్టింది. నేను చెప్పదలుచుకున్నది ఆ పేరు గురించే.

ఖురాన్‌లో దీని ప్రస్తావన లేదు. మదీనాలో ఆడపిల్లలకి సున్తీ చేసే ఒకావిడతో మరీ లోతుగా కొయ్యొద్దని ప్రవక్త అన్నారని ఒక హదీసు ఉంది. దాన్ని సంకలనంలో చేర్చిన అబూ దావూదే అది బలహీనమైనదని పక్కనే రాసిపెట్టాడు. షాఫీ సంప్రదాయంలో పండితులు ఇది విధి అన్నారు. విధి కాదన్న పండితులు చాలామంది ఉన్నారు, కానీ వాళ్ళూ ఊరుకోలేదు. "మక్రుమా" అన్నారు. గౌరవప్రదమైన పని అని అర్థం. చెయ్యకపోతే పాపం లేదు, చేస్తే మాత్రం మర్యాద.

ఈ మాట చదివినప్పుడు నాకు మా ఊరి పురోహితుడు గుర్తొచ్చాడు. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్నమ్మ తల నున్నగా ఉండేది. నెలకోసారి మంగలి దొడ్డిదారిన వచ్చేవాడు. ఆవిడ బావి పక్కన పీట వేసుకుని కూర్చునేది, తెల్లపంచె భుజాల మీదికి జార్చుకుని. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా బాబాయి పాముకాటుతో పోయాడు. పిన్నికి ఇరవై రెండు. పదో రోజు దగ్గర పడుతుంటే పిన్ని జుట్టు సంగతి ముందుగా ఎత్తింది మా నాన్నమ్మే. మగవాళ్ళు కాదు. తన తల మీద పడ్డ కత్తి కోడలి తల మీద పడకపోతే తను పడ్డదంతా వృథా అవుతుందని ఆవిడకి అనిపించి ఉంటుందని ఇప్పుడు తోస్తుంది, అప్పుడు నాకు ఆవిడ రాక్షసిలాగే కనిపించింది. మా నాన్న పురోహితుణ్ణి పిలిపించి, ఇది తప్పనిసరా అని అడిగాడు. ఆయన మంచివాడు. తల గోక్కుని, "తప్పనిసరేం కాదు. చేస్తే మంచిదే" అన్నాడు.

చేస్తే మంచిదే! ఈ రెండు మాటల బరువు తెలుగింట్లో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. శాంతి చేయించాలా పంతులుగారూ? తప్పనిసరేం కాదమ్మా, చేస్తే మంచిదే. తప్పనిసరి అంటే ఎదురు తిరగొచ్చు, ఏ శాస్త్రంలో ఉందో చూపించమని నిలదీయొచ్చు. వద్దంటే మానేయొచ్చు. చేస్తే మంచిదే అంటే మాత్రం చేసి తీరతాం. రేపు ఏ కీడు జరిగినా, ఆ రోజు చెయ్యకపోబట్టే అని వేలు మన వైపే చూపిస్తుంది కాబట్టి. చెప్పినాయన చేతులు కడుక్కుంటాడు, నిర్ణయం మాత్రం అత్తగారి ఒళ్ళో పడుతుంది. మా ఇంట్లో ఆ రోజు మా నాన్న ఇంకో రకంగా లెక్కేశాడు. "తప్పనిసరి కాదన్నారుగా, ఇంక మాట్లాడకండి" అని లేచిపోయాడు. మా పిన్ని జడ చివరిదాకా నడుం కిందికే ఉండేది. అన్ని ఇళ్ళలోనూ అలాంటి మగవాడు ఉండడు, ఉండాల్సిన అవసరమూ రాకూడదు.

మతపెద్దలు ఈ కోత గురించి ఏమన్నారో చదువుతూ పోతే నాకు అడుగడుగునా ఈ పురోహితుడే కనిపించాడు. ఈజిప్టు కథ చూడండి. 1994 సెప్టెంబరులో కైరోలో జనాభా మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరుగుతోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే నగరంలో ఒక పదేళ్ళ పిల్లకి జరిగిన సున్తీని సీఎన్ఎన్ ప్రపంచానికంతా చూపించింది. ప్రభుత్వం సిగ్గుపడింది, మతపెద్దల వైపు చూసింది. దేశపు ముఫ్తీ తంతావీ, దీని గురించి ఖురాన్‌లో లేదు, హదీసులు బలహీనం, ఇది వైద్యులు తేల్చాల్సిన విషయం అన్నాడు. అదే ఊళ్ళో అల్ అజ్హర్ మతవిద్యాపీఠం పెద్ద జాద్ అల్ హక్ దానికి పూర్తిగా ఎదురు. ఒక ప్రాంతం వాళ్ళంతా దీన్ని మానేస్తే పాలకుడు వాళ్ళ మీద యుద్ధం చెయ్యొచ్చన్న పాత అభిప్రాయాన్ని 1981 నాటి ఫత్వాలోనే ఉదహరించినవాడాయన. ఆరోగ్యమంత్రి మధ్యేమార్గం వెతికాడు. మంత్రసానులూ మంగళ్ళూ వద్దు, కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లే శుభ్రంగా చెయ్యొచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. ముఫ్తీ బంతిని డాక్టరు వైపు నెట్టాడు, మంత్రి దాన్ని డాక్టరు చేతిలోనే పెట్టాడు. గొడవై ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. కానీ "డాక్టరు చేస్తే పరవాలేదు" అన్న మాట వెనక్కి పోలేదు.

1996లో కొత్త మంత్రి నిషేధం తెచ్చాడు. షేక్ యూసుఫ్ అల్ బద్రీ కోర్టుకెక్కి 1997 జూన్‌లో దాన్ని కొట్టేయించాడు. ఆ డిసెంబరులో పై కోర్టు నిషేధాన్ని మళ్ళీ నిలబెట్టింది. వైద్యపరంగా అవసరమైతే తప్ప అని ఒక కిటికీ మాత్రం తెరిచే ఉండిపోయింది. పదేళ్ళపాటు ఈజిప్టు ఆడపిల్లలు ఆ కిటికీలోంచే వెళ్ళారు. 2007 జూన్‌లో మిన్యా ప్రాంతంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పన్నెండేళ్ళ పిల్ల చనిపోయింది. తల్లి కట్టిన ఫీజు 50 పౌండ్లు. చేసింది నాలాంటి ఒక లేడీ డాక్టరు. అప్పుడు ముఫ్తీ అలీ గోమా నోట "నిషిద్ధం" అన్న మాట సూటిగా వచ్చింది. మరుసటేడు చట్టమూ వచ్చింది. 1995 సర్వేలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 97 మందికి జరిగిన ఈ కోత, 2021 సర్వే నాటికి 86 దగ్గరుంది. పాతికేళ్ళ ఫత్వాలకీ చట్టాలకీ తగ్గింది అంత. కొత్తగా జరుగుతున్న కోతల్లో ఎక్కువ భాగం డాక్టర్లూ నర్సుల చేతుల్లోనే. ముఫ్తీ మాట మారింది, బాగుంది. మేం డాక్టర్లం ఈలోపు ఏం చేస్తున్నాం?

బోహ్రాల సంగతి వేరు. వాళ్ళు షియా ఇస్మాయిలీలు. అజ్ఞాతంలో ఉన్న ఇమాముకి ప్రతినిధి అయిన దాయీ మాటే వాళ్ళకి మతం. ప్రపంచం మొత్తమ్మీద పది లక్షలమంది ఉంటారేమో. చదువుకున్నవాళ్ళు, వ్యాపారం తెలిసినవాళ్ళు, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని కలిసి తినేవాళ్ళు. పదో శతాబ్దంలో ఫాతిమీ న్యాయశాస్త్రవేత్త ఖాదీ నుమాన్ రాసిన 'దాయిమ్ అల్ ఇస్లాం' వాళ్ళకి ప్రమాణం, ఏడేళ్ళన్న లెక్క అందులోదే. దీన్ని "తహారత్" అంటారు, శుచి. మనం మడి అన్నట్టు. కొందరు ముసలమ్మలు తీసేసే ఆ చర్మాన్ని "హరామ్ కీ బోటీ" అంటారని చదివాను. పాపిష్టి మాంసం ముక్క. ఏడేళ్ళ పిల్ల ఒంట్లో పాపం ఎక్కడి నుంచి వచ్చి చేరుతుందో! ముంబైలో నాన్నమ్మ ఐస్‌క్రీం కొనిపెడతానని చీకటి మేడ మీదికి తీసుకెళ్ళిన సంగతి బోహ్రా మహిళ మాసూమా రనాల్వీ బయటపెట్టాక, గొంతు పెగిలినవాళ్ళు ఒకరొకరుగా వచ్చారు.

2016 మొదట్లో లండన్, సిడ్నీ వంటి చోట్ల బోహ్రా జమాతులు తమవాళ్ళకి ఉత్తరాలు పంపాయి. ఇక్కడి చట్టం ఒప్పుకోదు, ఖత్నా చేయించకండి అని. ఆస్ట్రేలియాలో అప్పటికే ఒక తల్లి, ఒక నర్సు, సమాజ పెద్ద ఒకాయన దోషులుగా తేలి ఉన్నారు. ఆ ఏప్రిల్‌లో దాయీ సయ్యద్నా ముఫద్దల్ సైఫుద్దీన్ ముంబైలో చేసిన ప్రసంగం గురించి పత్రికల్లో వచ్చింది. పేరెత్తకుండానే ఆ పని జరగాల్సిందేనన్నారనీ, మగపిల్లలకి బాహాటంగా, ఆడపిల్లలకి గుట్టుగా అన్నారనీ. జూన్‌లో ఆయన కార్యాలయం ప్రకటన ఇచ్చింది. ఇది శుచి కోసం స్త్రీపురుషులిద్దరికీ ఉన్న విధి అనీ, ఏ దేశంలో ఉన్నవాళ్ళు ఆ దేశపు చట్టాన్ని పాటించాలనీ. ఇండియాలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి సిడ్నీలో ఉన్న మనవరాలికి అక్కర్లేని శుచి సికింద్రాబాద్‌లో ఉన్న మనవరాలికి కావాలి. దేవుడికి పాస్‌పోర్టులు చూసే పని ఎవరప్పగించారో నాకు అంతుపట్టలేదు. ఒక విధి దేశాన్ని బట్టి ఆగగలిగిందంటే అది ఆపదగినదేనని ఆ ఉత్తరాలు రాసినవాళ్ళే ఒప్పుకున్నట్టు కదా?

ఆడవాళ్ళు ఎదురు చెప్పరెందుకని అడగడం తేలిక. చెప్తే వెలి. పెళ్ళికి ఎవరూ రారు, చావుకి శ్మశానంలో చోటుండదు. వెలివెయ్యడాన్ని నేరం చేసిన బొంబాయి చట్టాన్ని 1962లో సుప్రీంకోర్టే కొట్టేసింది. అది మతాధికారి హక్కు అంది. ఆ తీర్పుని మళ్ళీ చూడాలని 2023లో తొమ్మిదిమంది జడ్జీల ముందుకి పంపారు. 2017లో ఖత్నా మీద వేసిన వ్యాజ్యం కూడా ఆ తొమ్మిదిమంది వరుసలోకే చేరింది. ఇది మతంలో అత్యవసరమైన అంశమా కాదా తేల్చాలిట. అత్యవసరం కాదు, మంచిదే అని తేలితే ఏం చేస్తారో! ఆ కేసులో కేంద్ర ప్రభుత్వం మొదట ఇచ్చిన సమాధానం, మన దేశంలో ఇది ఉందనడానికి అధికారిక లెక్కలు లేవని. మరుసటి ఏడు అటార్నీ జనరల్ నిషేధాన్ని సమర్థించారు. ఖత్నాని సమర్థించే బోహ్రా ఆడవాళ్ళ సంఘమూ కోర్టుకి వచ్చింది. మేం చదువుకున్నవాళ్ళం, మాకేం కాలేదు, మా మతం జోలికి రావద్దు అని. వాళ్ళని నేను వెక్కిరించలేను. మా నాన్నమ్మా అలాగే అనేది. పెద్దవాళ్ళయ్యాక తమ ఒంటికి తాము చేయించుకుంటామంటే నేను పక్కకి తప్పుకుంటాను. సయ్యద్నా పీఠం తమదేనన్న తాహెర్ ఫఖ్రుద్దీన్ సరిగ్గా అదే అన్నాడు, యుక్తవయసొచ్చాక ఆమె ఇష్టమని. కోర్టులో పీఠం ఆయనకి దక్కలేదు.

బయటివాళ్ళు గద్దిస్తే ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. 1929లో కెన్యాలో స్కాట్లండ్ మిషన్ దీన్ని వదిలేస్తామని సంతకం పెట్టినవాళ్ళకే చర్చిలో చోటంది. అక్కడి కికుయు తెగవాళ్ళు గుంపులు గుంపులుగా బయటికి నడిచి సొంత బళ్ళు పెట్టుకున్నారు. కోత దేశభక్తి అయి కూర్చుంది. మొన్న 2024లో గాంబియాలో నిషేధం ఎత్తెయ్యాలని ఇమామ్ అబ్దులీ ఫాతీ నాయకత్వంలో ఉద్యమం నడిచినప్పుడూ, ఇది పడమటి దేశాలవాళ్ళ పెత్తనం అన్నదే నినాదం. జూలై 15న అక్కడి పార్లమెంటు ఆ బిల్లుని తోసేసింది గానీ, గండం అంచుదాకా వచ్చిపోయింది. నాకు ఊరట కలిగించింది ఇండోనేషియా. అక్కడి ఉలేమా మండలి 2008లో ఫత్వా ఇచ్చింది. విధి అనలేదు. మక్రుమా అంది, నిషేధించడం మాత్రం మతానికి విరుద్ధం అంది. అచ్చం మా పురోహితుడే. 2022లో జెపారాలో కూడిన ఆడ ఉలేమాల మహాసభ అదే శాస్త్రం చదువుకుని, వైద్య కారణం లేని కోత నిషిద్ధం అంది. తప్పనిసరి కాదు అని వదిలెయ్యలేదు. ఆ మాట అనాలంటే ముందు ఆ బ్లేడు ఎక్కడ పడుతుందో ఒంటికి తెలిసి ఉండాలేమో.

పోయినేడు ఒక మధ్యాహ్నం మా ఇంటి గంట మోగింది. ప్రాక్టీసు మానేసి నాలుగేళ్ళయింది. గుమ్మంలో ముప్పై దాటిన అమ్మాయి, పక్కన చిన్నపిల్ల. "ఆంటీ, గుర్తుపట్టారా? గ్లవ్ బుడగ" అంది. నేను గుర్తుపట్టాను. చెప్పకుండానే మిగతాదీ తెలిసింది. కాఫీ తాగుతూ నింపాదిగా అడిగింది.

"మా అమ్మ అప్పుడు మిమ్మల్ని అడిగిందట కదా. మీరేమన్నారు?"

చెప్పాను, ఉన్నదున్నట్టు.

"అమ్మ ఆ మాట ఇంట్లో వేరేగా చెప్పిందాంటీ. డాక్టర్ గారు వద్దనలేదు, పెద్దల్ని అడగమన్నారు అని. దాదీ వెంటనే టికెట్లు తీయించింది. ఇప్పుడు మా అత్తగారు దీనికి ఏడొస్తోందని గుర్తు చేస్తున్నారు. ఆవిడకి సయ్యద్నా మాటెంతో డాక్టరు మాటా అంతే. మీరు ఒక కాయితం మీద రాసివ్వండి."

పాత లెటర్‌హెడ్ ప్యాడు వెతికి తీశాను. దాని మీద ఇప్పుడు లేని క్లినిక్ అడ్రసు. ఈ పాపకి ఎటువంటి కోతా చెయ్యకూడదు, ఎక్కడా, ఎవరి చేతా, కొంచెం కూడా, అని తెలుగులో రాసి, కింద హిందీలోనూ రాశాను. సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె చదువుకుని మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"స్టాంపు కూడా వెయ్యండి ఆంటీ. స్టాంపు లేనిది ఆవిడ నమ్మరు."

సొరుగులో స్టాంపు దొరికింది. ఇంకు ప్యాడు ఎండిపోయి ఉంది. రెండు చుక్కలు నీళ్ళు పోసి, పాప చేతికిచ్చి గట్టిగా నొక్కమన్నాను. మొదటిసారి సగమే పడింది.